డ్యూటీ లేని రోజున

మే 9, 2023, మంగళవారం

ఆలెన్ మాల్ కాల్పుల్లో పోయిన ఎనిమిది మందిలో మన తెలంగాణ అమ్మాయి ఉందని నిన్నటి నుంచి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఇంజినీరుగా పనిచేస్తున్న పిల్ల. పోయినవాళ్లలో మూడేళ్ల పసివాడు కూడా ఉన్నాడు. డాలస్ చుట్టుపక్కల ఆ మాల్ తెలియని తెలుగిల్లు లేదు. ఇండియా ప్రయాణం పెట్టుకున్న ప్రతిసారీ చుట్టాలకు బట్టలూ బూట్లూ కొనేది అక్కడే.

మా అబ్బాయి బాబు కూడా పోలీసే. కాల్పులు జరిగిన శనివారం వాడికి సెలవు, ఇంట్లోనే ఉన్నాడు. అయినా నన్ను ఒకటే ఆలోచన పట్టుకుంది. ఆ సమయానికి వాడు ఆ మాల్‌లో ఉండి ఉంటే?

దుండగుణ్ని నాలుగు నిమిషాల్లోపే పడగొట్టిన పోలీసు వేరే పనిమీద అక్కడికి వచ్చినవాడట. డ్యూటీలోనే ఉన్నాడు. ఒంటిమీద యూనిఫాం, భుజాన రేడియో, కారులో రైఫిల్ ఉన్నాయి. ఆయన్ని చూసినవాళ్లెవరికైనా ఆయనెవరో తెలుసు. మావాడు శనివారం ఎలా ఉంటాడో నాకు తెలియదా! మోకాళ్ల దాకా నిక్కరు, పాత టీషర్టు, చంకలో కూతురు. నడుము దగ్గర చొక్కా కింద చిన్న పిస్టల్. పర్సులో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఫోటో కార్డు. అంతే.

ఆ పిస్టల్ సెలవు రోజున కూడా ఏ రాష్ట్రానికైనా వెంట తీసుకెళ్లవచ్చని 2004లో ఫెడరల్ చట్టం చేశారు. ఆ కార్డు ఒంటిమీద ఉంటే చాలు. తుపాకీ పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చారు సరే, అది చేతిలోకి తీసుకున్న క్షణాన వీడు పోలీసని పక్కవాళ్లకు ఎలా తెలుస్తుందో ఆ చట్టం చెప్పదు.

మే 20, శనివారం

బాబు కారు డిక్కీలో ఒక నల్ల సంచి ఉంటుంది. ఇవాళ భోజనాలయ్యాక దాన్ని తెచ్చి డైనింగ్ టేబుల్ మీద విప్పమన్నాను. తుపాకీ, తూటాలు బయటే ఉంచి మిగతావన్నీ ఒక్కొక్కటే పరిచాడు. తూటాలను ఆపే పలకలు పెట్టిన కోటు, దానిమీద ముందూ వెనకా పోలీస్ అని పెద్దక్షరాలు. టార్చిలైటు. బేడీలు. మెడలో వేసుకునే గొలుసుకి బ్యాడ్జి. రక్తం ఆపే సామాను ఉన్న చిన్న పౌచ్.

కోటు ఎత్తి చూశాను. పలక ఒక్కోటీ మూడు కిలోల దాకా ఉంటుంది. డ్యూటీలో చొక్కా కింద తొడుక్కునే మెత్తటి కవచం పిస్టల్ తూటాలను ఆపుతుంది గానీ రైఫిల్ తూటా దాన్ని చీల్చుకుని పోతుందట. ఆలెన్‌లో వాడింది రైఫిలే. 2016 జులై 7న డాలస్ డౌన్‌టౌన్‌లో అయిదుగురు పోలీసులను చంపిన వాడి చేతిలోనూ రైఫిలే. ఆ తర్వాతి ఏడాది టెక్సస్ ప్రభుత్వం రైఫిల్ తూటాలను ఆపే కోట్ల కోసం రెండున్నర కోట్ల డాలర్లు ఇచ్చింది. ఇచ్చింది డ్యూటీలో ఉన్నవాళ్ల కోసం. ఈ సంచిలోది మావాడు సొంత డబ్బుతో కొనుక్కున్నాడు.

పౌచ్ మాత్రం నేనే విప్పాను, అది నా పని కాబట్టి. ఎమర్జెన్సీ వార్డులో నేను చేసేదంతా ఆ చిన్న సంచిలో పట్టే సామానుతో మొదలవుతుంది. టూర్నికెట్ ఒకటి. రక్తం త్వరగా గడ్డకట్టించే మందు పట్టించిన గాజు గుడ్డ చుట్ట. ఛాతీకి చిల్లు పడితే గాలి లోపలికి లాక్కోకుండా అతికించే బిళ్లలు రెండు, ఎందుకంటే తూటా ఒకవైపు దూరి ఇంకోవైపు నుంచి బయటికి రావచ్చు. ఒత్తిడి కట్టు, గ్లౌజులు, బట్టలు కోసే కత్తెర, మార్కర్ పెన్ను.

టూర్నికెట్ ఎలా వేస్తావో చూపించమంటే వాడు తన తొడకే వేసి చూపించాడు. గాయానికి రెండు మూడు అంగుళాల పైన వేయాలి, కీలు మీద పడకూడదు. రక్తం ఆగేదాకా కర్ర తిప్పుతూనే ఉండాలి. చాలామంది నొప్పికి మనిషి అరవగానే ఆపేస్తారు. అరుస్తాడు, అరవనివ్వాలి. వేసిన సమయం మార్కర్‌తో రాయాలి, ఆస్పత్రికి చేరేదాకా వదులు చేయకూడదు. మెడ, చంక, గజ్జల దగ్గర గాయమైతే టూర్నికెట్ పనికిరాదు. గాజు గుడ్డను వేలితో లోపలి దాకా కూరి, రెండు చేతులా బరువంతా వేసి కనీసం మూడు నిమిషాలు అదిమి పట్టాలి. పెద్ద రక్తనాళం తెగితే అయిదు నిమిషాల్లో ప్రాణం పోతుంది, అందుకే అంబులెన్స్ వచ్చేదాకా ఆగుదామనుకోవడానికి వీల్లేదు. వాడి చేతులు బాగానే ఆడుతున్నాయి. నాకు తృప్తిగా అనిపించింది.

అన్నీ మళ్లీ సర్దుతుంటే అడిగాను.

"ఇదంతా డిక్కీలో ఉంటే, నువ్వు మాల్ లోపల ఉంటే ఎట్లా రా?"

"అందుకే అమ్మా, ఇవన్నీ ఉన్నాయని నేను ధైర్యం పెట్టుకోను" అన్నాడు.

2000 నుంచి 2013 దాకా జరిగిన ఇలాంటి 160 కాల్పుల ఘటనలను ఎఫ్‌బీఐ పరిశీలించింది. ఎంతసేపు సాగాయో తేలినవి 63. అందులో 44 అయిదు నిమిషాల్లోపే ముగిశాయి. 23 అయితే రెండు నిమిషాల్లోపే. పార్కింగ్ లాట్ దాటి కారు దగ్గరికి పరిగెత్తి, కోటు తొడుక్కుని, మళ్లీ లోపలికి వచ్చేసరికి అయిపోతుంది. కాబట్టి నా లెక్కలో సంచి రెండో వరస. ఒంటిమీద ఏముందన్నదే మొదటి వరస. ఈ సామాను అమ్మే కంపెనీలు పెద్ద పెద్ద సంచులు చూపిస్తాయి, హెల్మెట్ల దాకా వెళ్తాయి. ఒంటిమీద ఎప్పుడూ ఉండాల్సినవి నాలుగే: బ్యాడ్జి, ఫోను, టూర్నికెట్, పిస్టల్. ఈ వరస నేను కావాలనే పెట్టాను, బాబు ఒప్పుకోకపోయినా సరే.

చీలమండకు చుట్టుకునే వైద్యపు పట్టీలు దొరుకుతాయి, టూర్నికెట్, గుడ్డ అందులోనే ఇముడుతాయి. టెక్సస్ ఎండల్లో నిక్కరు వేసుకునేవాడికి అది కుదరదు. జేబులో పట్టేలా మడిచిన టూర్నికెట్ ఒకటి తెచ్చి ఇస్తానన్నాను.

జూన్ 11, ఆదివారం

బ్యాడ్జిని మొదట ఎందుకు పెట్టానో ఇవాళ రాసుకోవాలి.

న్యూయార్క్‌లో ఒమర్ ఎడ్వర్డ్స్ అని పాతికేళ్ల పోలీసు. 2009 మే 28 రాత్రి డ్యూటీ ముగించుకుని మామూలు బట్టల్లో బయటికి వచ్చాడు. ఈస్ట్ హార్లెంలో తన కారు పగలగొడుతున్న దొంగను చూసి తుపాకీ తీసి వెంటపడ్డాడు. అటుగా వస్తున్న ముగ్గురు మఫ్టీ పోలీసులకు కనిపించింది, చీకట్లో తుపాకీ పట్టుకుని పరిగెడుతున్న నల్లజాతి మనిషి. వాళ్లలో ఒకరు కాల్చారు. వైద్య సిబ్బంది వచ్చి బట్టలు కోస్తే లోపల పోలీస్ అకాడమీ టీషర్టు ఉంది. బ్యాడ్జి జేబులో దొరికింది.

ఆ కత్తెర నా చేతుల్లో ఎన్నిసార్లు ఆడిందో. బట్ట కోసిన తర్వాత తెలిసే సంగతి బతికున్న మనిషికి ఏం ఉపయోగం?

దానికి ముందు, 2000 జనవరిలో, రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో ఇంకొకటి జరిగింది. కార్నెల్ యంగ్ అనే పోలీసు సెలవులో ఒక రెస్టారెంట్లో ఉన్నాడు. బయట గొడవ జరుగుతుంటే, వచ్చిన ఇద్దరు పోలీసులకు సాయం చేద్దామని తుపాకీతో బయటికి వెళ్లాడు. ఆ ఇద్దరే కాల్చి చంపారు. అందులో ఒకరు అతనితో కలిసి శిక్షణ పొందినవాడు. యంగ్ నాన్న కూడా అదే డిపార్ట్‌మెంట్లో పెద్ద అధికారి. అప్పట్లో ఆ ఊళ్లో పోలీసు సెలవులోనూ తుపాకీ పెట్టుకునే తిరగాలని నియమం. అతని తల్లి నగరం మీద దావా వేసింది. తుపాకీ పెట్టుకోమని చెప్పినవాళ్లు, మామూలు బట్టల్లో ఉన్న తోటివాణ్ని గుర్తుపట్టడం ఎలాగో నేర్పలేదని. ఆ తల్లి అడిగినదాంట్లో ఒక్క మాట కూడా తీసేయడానికి లేదు.

ఎడ్వర్డ్స్ పోయాక న్యూయార్క్ గవర్నర్ ఒక సంఘాన్ని వేశారు. దాని నివేదిక 2010లో వచ్చింది. 1982 నుంచి అప్పటిదాకా దేశం మొత్తం మీద సెలవులో ఉండగా తోటి పోలీసుల పొరపాటుకు బలైనవాళ్లు పది మంది. అందులో తొమ్మిది మంది నల్లవాళ్లు, లాటినోలే. ఈ లెక్క బాబుకి చెప్పాను. వాడికి ముందే తెలుసు. వాడి రంగు నా రంగే, ఖమ్మం ఎండల్లో పుట్టిన మా నాన్న రంగు. గడ్డం పెంచితే ఎయిర్‌పోర్టులో పక్కకు పిలుస్తారు. బ్యాడ్జి ఉన్నా పిలిచారొకసారి.

వాడు చెప్పిన సంగతులు కొన్ని నాకు కొత్త. వెనక నుంచి "కదలకు" అని కేక వినపడగానే మనిషి సహజంగా ఆ గొంతు వైపు తిరుగుతాడు. చేతిలో తుపాకీ కూడా వాడితో పాటే తిరుగుతుంది. అవతలివాడికి కనిపించేది తనవైపు తిరుగుతున్న తుపాకీ గొట్టం. అందుకని తిరగకూడదు. రాయిలా నిలబడిపోయి, నేను పోలీసునని పెద్దగా అరిచి, వాళ్లు ఏం చెబితే అది చేయాలి. నేలమీద పడుకోమంటే పడుకోవాలి. తుపాకీ కింద పెట్టమంటే పెట్టేయాలి, అది ఎంత ఖరీదుదైనా, బేడీలు వేసినా సరే. ఆ క్షణాన ఎవరి హోదా ఏమిటన్నది లెక్కలోకి రాదు, యూనిఫాంలో ఉన్నవాడి మాటే చెల్లుతుంది. దీన్ని వాళ్లు ప్రాక్టీసు చేస్తారట. మంచిది. ఇంకా ఎక్కువ చేయాలి.

నడుముకి తుపాకీ పక్కన బ్యాడ్జి పెట్టుకోవడం చాలామందికి అలవాటు. అది ముందు నుంచి, దగ్గరగా ఉన్నవాడికే కనిపిస్తుంది. చొక్కా అంచు జారితే అదీ లేదు. కాల్చేవాళ్లు వెనక నుంచి వస్తే? మడిచి జేబులో పెట్టుకునే పట్టీలు అమ్ముతారు, ఒక్క చేత్తో లాగి భుజం మీదుగా అడ్డంగా వేసుకోవచ్చు, రెండు వైపులా పోలీస్ అని మెరిసే అక్షరాలు. అది కొనమన్నాను. మావారు ఊరుకోలేదు: "అది వేసుకుంటే దుండగుడు ముందు వీణ్నే కాలుస్తాడు గదా!" నిజమే. అందుకే అది ఎప్పుడు తీయాలన్నది బాబు నిర్ణయం. దుండగుడు కనిపించేదాకా ఒకలాగా, సైరన్లు వినపడ్డాక ఒకలాగా. నాకు మటుకు రెండోదే ఎక్కువ భయం. దుండగుడు ఒక్కడుంటాడు. లోపలికి దూసుకొచ్చే పోలీసులు పదిమంది ఉంటారు, వాళ్లందరికీ తెలిసింది ఒక్కటే, తుపాకీ ఉన్న మగవాడు.

న్యూయార్క్ మఫ్టీ పోలీసులకు ఆ రోజు రంగు అని ఒకటి ఉంటుంది. ఆ రోజుకి ఏ రంగు పట్టీ కట్టుకోవాలో వాళ్లకే తెలుస్తుంది. ఆ పద్ధతి ఒకే పెద్ద డిపార్ట్‌మెంటుకి కుదిరింది. డాలస్ చుట్టూ ప్రతి చిన్న ఊరికీ విడిగా పోలీసులున్నారు. ఆలెన్‌కి, ప్లేనోకి, మెకిన్నీకి ఎవరి రంగు ఎవరు చెబుతారు? ఇది తల్లులు సంచి సర్ది తీర్చే సమస్య కాదు, డిపార్ట్‌మెంట్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి.

జూన్ 29, గురువారం

ఆలెన్ పోలీసు ఒంటికున్న కెమెరా వీడియో బయట పెట్టారు. ఒక తల్లి, పిల్లలతో మాట్లాడుతుంటాడు, అంతలో చప్పుళ్లు. కారులోంచి రైఫిల్ తీసుకుని చప్పుడు వచ్చిన వైపే పరుగు. దారి పొడవునా ఆయన ఊపిరి వినిపిస్తుంది. ఎదురొచ్చే జనం ఆయన్ని చూసి దారి ఇస్తున్నారు. యూనిఫాం ఎంత పని చేస్తుందో ఆ వీడియోలో చూశాను.

బాబు రెండోసారి చూడనన్నాడు. నేనూ అడగలేదు.

జులై 23, ఆదివారం

ఇవాళ అసలు మాట కోడలు తెచ్చింది.

"అత్తయ్యా, మీరు వాళ్ల సామానంతా లెక్కపెడుతున్నారు గానీ, ఆ రోజు పక్కన ఉండేది నేను కదా. నా పనేంటో ఎవరూ చెప్పట్లేదు."

వెంటనే నాకు సాల్ట్‌లేక్ సిటీ సంగతి గుర్తొచ్చింది. 2007 ఫిబ్రవరి 12. ట్రాలీ స్క్వేర్ మాల్‌లో ఒక యువకుడు కాల్పులు జరిపి అయిదుగురిని చంపాడు. ఆగ్డెన్ అనే వేరే ఊరి పోలీసు కెన్నెత్ హామండ్ సెలవులో భార్యతో అక్కడ భోంచేస్తున్నాడు. ఆమె గర్భిణి. కవచం లేదు, రేడియో లేదు, నడుముకి ఒక పిస్టల్. దాంతోనే దుండగుణ్ని ఒకచోట నిలబెట్టేశాడు, ఆలోగా సాల్ట్‌లేక్ పోలీసులు వచ్చి అతనితో చేతులు కలిపారు. ఇదంతా అందరికీ తెలుసు. ఆమె చేసింది తక్కువమందికి తెలుసు. ఆమె పోలీస్ డిస్పాచర్. వెయిటర్ దగ్గర ఫోను తీసుకుని 911కి చెప్పింది, నా భర్త సెలవులో ఉన్న పోలీసు, తుపాకీతో ఉన్నాడు, బట్టలు ఇవీ అని. ఆ మాట రేడియోలో వచ్చే పోలీసులందరి చెవిన పడుతుంది. మూడు కిలోల పలక చేయలేని పని అది.

కోడలు ఉద్యోగం బ్యాంకులో. 911తో మాట్లాడే అలవాటు లేదు. అందుకని సాయంత్రం కూర్చుని ఏం చెప్పాలో వరస రాసుకున్నాం. ఎక్కడున్నామో ముందు, షాపు పేరు, ఏ తలుపు దగ్గరో. కాల్పులు జరుగుతున్నాయని. నా భర్త ఫలానా ఊరి పోలీసు, డ్యూటీలో లేడు, చేతిలో తుపాకీ ఉంది, దయచేసి వచ్చేవాళ్లందరికీ చెప్పండి అని. చొక్కా రంగు, నిక్కరు రంగు, టోపీ ఉందో లేదో, గడ్డం. దుండగుడు ఎలా ఉన్నాడో కనిపిస్తే అదీ. లైను కట్ చేయకూడదు. ఆమె ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది, రెండోసారికి మా అందరికంటే బాగా. మావారిని కూడా కూర్చోబెట్టాం. ఆయనకి కంగారులో తెలుగే వస్తుంది, ఆయన చేత నాలుగైదుసార్లు చెప్పించాం.

ఒక ఏర్పాటు కూడా చేసుకున్నాం. షాపింగుకి వెళ్లేటప్పుడు బాబు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో వెంట ఉన్నవాళ్లు ఒకసారి చూసుకోవాలి.

పాప చేతిలో ఉంటే? ఈ ప్రశ్న కోడలు అడగలేకపోయింది, నేనే అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, పాపను నాకో కోడలికో ఇచ్చి, మేం బయటపడే దారి చూపించిన తర్వాతే ఇంకేదైనా అని. తను ఒక్కడే పాపతో ఉంటే బయటికే వెళ్లిపోతానన్నాడు. దుండగుడు ఎలా ఉన్నాడో ఎటు పోతున్నాడో ఫోన్లో చెప్పడం కూడా పోలీసు పనేనని వాళ్లకి నేర్పుతారట. ఆ మాట వాడి నోటి నుంచి రావాలనే నేను ఇన్నాళ్లూ ఇదంతా తవ్వుతున్నానేమో. వెళ్లొద్దని నేను అనను. అన్నా వాడు ఆగడు. వెళ్లాల్సినప్పుడు వెళ్లేవాడికి, వెళ్లకూడనిది ఎప్పుడో కూడా తెలిసి ఉండాలి.

ఆగస్టు 19, శనివారం

ఎండ మండిపోతోంది. మూసిన కారులో ఏదీ మామూలుగా ఉండదు. బాబు సంచి తెప్పించి చూశాను. టూర్నికెట్లను ఎండ తగిలే చోట వదిలేస్తే ప్లాస్టిక్ పాడవుతుంది, బిగించేటప్పుడు విరిగితే ఇంక చేయగలిగింది లేదు. ఇంట్లో ప్రాక్టీసు చేసిన దాన్ని అసలు సంచిలోకి మళ్లీ పెట్టనివ్వలేదు, ప్రాక్టీసుకి నీలం రంగుది వేరే ఉంది. గాజు గుడ్డ ప్యాకెట్ల మీద గడువు తేదీలు చూసి క్యాలెండర్‌లో రాశాను.

కారులో తుపాకీ వదిలేసి వెళ్లొద్దని మళ్లీ చెప్పాను. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఫెడరల్ అధికారి కారులోంచి దొంగిలించిన పిస్టల్ తూటాకే ఒక అమ్మాయి ప్రాణం పోయింది. "సీటు కింద ఇనప పెట్టె బోల్టులతో బిగించి ఉందమ్మా, చూడు" అని తాళం తీసి చూపించాడు.

అక్టోబరు 8, ఆదివారం

వచ్చే శనివారం ఎంగిలిపూల బతుకమ్మ. మా అసోసియేషన్ కమిటీ మీటింగులో పూల కొలతలు, పార్కింగు, ప్రసాదాల గురించి మాట్లాడాక నేను లేచి నిలబడ్డాను. హాల్లో గుండె ఆగినవాళ్లకి షాకిచ్చే యంత్రం గోడకుంది. దాని పక్కనే రక్తం ఆపే పెట్టె ఒకటి పెడదామన్నాను. శాండీ హుక్ స్కూల్లో పిల్లలు పోయాక సర్జన్లు ఒక నిర్ణయానికి వచ్చారు. రక్తం ఆపడం డాక్టర్ల పని అని ఊరుకుంటే మనుషులు దక్కరు, పక్కనున్న ఎవరైనా చేయగలగాలి అని. 2015లో వైట్‌హౌస్ నుంచే ఆ ప్రచారం మొదలైంది. టెక్సస్ 2019లో చట్టం చేసి ప్రభుత్వ పాఠశాలలన్నిటిలో ఆ పెట్టెలు పెట్టించింది. పిల్లల స్కూల్లో ఉన్నది, వేలమంది ఆడవాళ్లు చేరే బతుకమ్మ హాల్లో ఎందుకు ఉండకూడదు?

పండగ పూట ఇలాంటి మాటలు అశుభమని ఒకావిడ అన్నారు. ఆవిడంటే నాకు గౌరవం, ఎదురు చెప్పలేదు. ఆలెన్‌లో పోయిన పిల్ల కూడా శనివారం పూట షాపింగుకే వెళ్లిందని మాత్రం అన్నాను. కమిటీ అధ్యక్షుడు నాలుగు టూర్నికెట్లు, ఎనిమిది గాజు చుట్టలు, రెండు జతల ఛాతీ బిళ్లలకి డబ్బు మంజూరు చేశారు.

సెక్యూరిటీ గురించి బాబు రెండు మాటలు మాట్లాడాడు. మన వాళ్లలో సెలవులో ఉన్న పోలీసులెవరైనా వస్తే, గేటు దగ్గర యూనిఫాంలో ఉన్న పోలీసును ముందే కలిసి, ముఖం చూపించి, ఏ బట్టల్లో ఉన్నారో చెప్పి లోపలికి వెళ్లాలని. ఇన్ని నెలలుగా మేం కొన్నదాంట్లో, సర్దినదాంట్లో ఇంత తేలికైనది, ఇంత గట్టిది ఇంకొకటి లేదు. పైసా ఖర్చు లేదు.

శనివారం పొద్దున పదింటికి, పూలు పేర్చడం మొదలుపెట్టే ముందు, టూర్నికెట్ వేయడం నేర్పుతానన్నాను. పదిహేను మంది పేర్లిచ్చారు, అందులో ఆ అశుభమన్నావిడ కూతురు కూడా ఉంది. ప్రాక్టీసుకి నీలం రంగువి ఇంకో మూడు రేపు ఆర్డరు పెట్టాలి, గురువారానికల్లా రావాలి.